నాలుగో బకెట్టు

నీళ్లు ఒక్కసారిగా ఆపకు, అంది వెండ్లా.
మెల్లగా తగ్గించు.
గబుక్కున కట్టేశావో
కాలువ ఉలిక్కిపడి
పొద్దుటి నుంచి మింగిందంతా కక్కేస్తుంది.

జూలై నెల. ఇవాలో నదికి ఎగువన
పటంలో పేరులేని పాయ.
రాత్రి పదకొండయింది,
సూర్యుడింకా కొండ మీద చతికిలబడి
దిగడానికి బద్ధకిస్తున్నాడు.
కాఫీలో దోమలు. తీసి పారేసే ఓపిక లేక
వాటితోనే తాగేస్తున్నాం.

రేకు కాలువ అడుగున రబ్బరు పట్టా,
నల్లగా, నిలువునా అడ్డంగా గాళ్లు గాళ్లుగా.
కొన్నది కాదు.
తౌనో ముప్పై ఏళ్లు నడిపిన బస్సు
తుక్కుకు పోతున్న రోజున
సీట్ల మధ్య నడవలోంచి
చేపలు కోసే కత్తితో కోసి తెచ్చుకుంది.
అప్పటికి తౌనో పోయి ఎనిమిది నెలలు.

మొదటి వేసవి దానికి ఏమీ అంటలేదట.
బూట్ల మురికి, డీజిలు జిడ్డు,
ఎవరో ఒలకబోసిన పాలు.
అంత బరువైన బంగారం
జిడ్డు మీద ఎండుటాకులా తేలి
ఆమె చూస్తుండగానే వెళ్లిపోయింది.
అప్పుడు గిన్నెల సబ్బు, గరుకు బ్రష్షు,
మూడు రోజులు, గాడి తర్వాత గాడి.
తిట్టుకుంటూ తోమానంది.
ఎవర్నో చెప్పలేదు.

అట్టు తిరగేసే ముందు
అంచులు లేపి చూసినట్టు
ఇప్పుడు పట్టా నాలుగు మూలలూ లేపుతుంది.
గాళ్లు లోపలికి పడేలా చుడుతుంది.
బకెట్టులోకి దించి, విప్పి,
వీపు మీద అరచేత్తో చరుస్తుంది,
గొంతులో మెతుకు అడ్డం పడ్డవాణ్ణి చరిచినట్టు.
నల్ల ఇసుక దిగింది.
కెంపులమని నమ్మించే ఎర్ర నలుసులు దిగాయి.
ఒక గాడిలో ఏదో మెరిస్తే
గోరు పెట్టి గీకబోయాను.
చేతి మీద ఒక్కటిచ్చింది.
గాడి అంచు చిరిగితే నీళ్లు అక్కడ సుడి తిరగవు,
సుడి లేనిచోట బరువు కూర్చోదు.
ఆమెకు తెలిసిన శాస్త్రమంతా అదే.
నాకు అంతకన్నా తెలియదు.

రెండో బకెట్టు. మూడోది.
నీళ్లు తేటగానే ఉన్నాయి.
ఇక చాలు, అన్నాను. నడుము విల్లయింది నాకు.
వెండ్లా నాలుగో బకెట్టు ముంచింది.

ఆఖరి స్టాపు చేరాక, అంది,
ఇంజిను ఆపి తౌనో
వెనక సీటు దాకా నడిచి చూసేవాడు.
ప్రతి రాత్రీ. ముప్పై డిగ్రీల చలిలోనూ.
ఎందుకయ్యా, అందరూ దిగడం చూశావుగా అంటే
దిగినవాళ్లను చూశాను, అనేవాడు.
ఒకసారి ఒక కుర్రాడు దొరికాడు,
వయొలిన్ పెట్టె కావలించుకుని నిద్ర.
షెడ్డులో పడి ఉంటే తెల్లారేసరికి కర్రయ్యేవాడు.
ఎన్నేళ్లలో? అన్నాను.
ముప్పై ఏళ్లలో. ఒక్కడు.

చాటలో చెరిగినట్టు పళ్లెం తిప్పాం.
కాగితం చుట్టిన అయస్కాంతంతో
ఇనుప నలుసులు ఏరేశాం.
మిగిలింది బంగారం కాదు, దాని తవుడు.
మూడు బకెట్లదీ కలిపి తూస్తే గ్రాము లేదు,
పంపు తాగిన పెట్రోలుకు సగం.
నాలుగో బకెట్టులో ఏమీ లేదు.
మర్నాడూ లేదు.
ఆ వేసవంతా నేనున్నాను, చూశాను,
ఏ రోజూ లేదు.

అయినా ఖాళీ పట్టాను చేతుల మీద చాచి
ఈ కొస నుంచి ఆ కొస దాకా
ఒక్కో గాడీ కళ్లతో నడిచి వచ్చేది.
తర్వాత నీడన దండెం మీద వేసేది.
అర్ధరాత్రి నీడేమిటి, అని నవ్వాను.
ఈ ఎండ కూడా రబ్బరును బీటలు తీస్తుందిరా,
ముడతలకు నేనొక్కదాన్ని చాలనా, అంది.